ఫ్రెండ్స్ దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్తున్నారా? ట్రామ్ ఎక్కడం, ఫొటో తీయడం ఎట్లాగంటే

ట్రామ్ అంటే రోడ్డులోనే పరిచిన పట్టాల మీద నడిచే బండి. రాయలసీమలో అది ఎప్పుడూ నడవలేదు. మన పెద్దవాళ్లలో ఎవరైనా ట్రామ్ ఎక్కారంటే చాలావరకు అది మద్రాసులోనే అయ్యుంటుంది. అక్కడ 1895లో మొదలైన కరెంటు ట్రామ్ 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. మనవాళ్లకు పనులమీద మద్రాసు పోయే అవసరం తగ్గే నాటికే అక్కడ ట్రామ్ కథ ముగిసిందన్నమాట. అందుకే మన ఇళ్లలో ట్రామ్ గురించి చెప్పేవాళ్లు తక్కువ, ఎట్లా ఎక్కాలో తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

ఇప్పుడు కథ మారింది. కర్నూలు, అనంతపురం, కడప నుంచి చదువుకో ఉద్యోగానికో ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడినవాళ్లు వీధికొకరు తేలుతున్నారు. "ఒకసారి రా రా" అని పిలుస్తున్నారు. ఆ పిలుపు మెల్‌బోర్న్ నుంచి వస్తే, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు పండగే. నగరంలో నడిచే ట్రామ్ వ్యవస్థల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అక్కడే ఉంది. సుమారు 250 కిలోమీటర్ల లైను, 24 రూట్లు, 1,600కు పైగా స్టాపులు.

మిగతా నగరాలు పట్టాలు పీకేస్తుంటే వీళ్లు ఎందుకు ఉంచుకున్నారన్నది తెలుసుకోవాల్సిన సంగతే. సిడ్నీ 1961లో పాత ట్రామ్‌లన్నీ ఆపేసింది. మెల్‌బోర్న్ నడిబొడ్డులో పెద్ద వీధుల వెడల్పు దాదాపు 30 మీటర్లు, కాబట్టి కార్లకూ ట్రామ్‌లకూ చోటు సరిపోయింది. దానికి తోడు 1949 నుంచి 1970 దాకా ట్రామ్ బోర్డు ఛైర్మన్‌గా ఉన్న రాబర్ట్ రిస్సన్ మొండి మనిషి. పట్టాలను కాంక్రీటులో పాతించాడు. వాటిని పీకాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎవరూ ఆ జోలికి పోలేదు.

నా సలహా ఒక్కటే, కింద చెప్పేదంతా దాని చుట్టూ తిరుగుతుంది. ముందు ప్రయాణికుడిలా ఎక్కండి, ఫొటోలు తర్వాత. తీసేటప్పుడు ట్రామ్ వెంట పరుగెత్తొద్దు. మంచి చోటు చూసుకుని నిలబడితే ట్రామే మీ దగ్గరికి వస్తుంది. పోయినా ఇంకొకటి వస్తుంది.

మొదటి మెట్టు: ఇంటి దగ్గరే ప్రాక్టీస్

దీన్ని చాలామంది పట్టించుకోరు. లక్షల ఖర్చుతో అంత దూరం వెళ్లి, కెమెరాలో షట్టర్ స్పీడ్ (ఫొటోకు షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్నది) ఎక్కడ మారుతుందో అక్కడ వెతుక్కుంటుంటారు. ట్రామ్ ఊళ్లో నడిచే వేగం, మన సిటీలో ఆర్టీసీ బస్సు నడిచే వేగం దాదాపు ఒకటే. కాబట్టి కర్నూలులో రాజ్‌విహార్ సెంటర్, అనంతపురంలో టవర్ క్లాక్, కడపలో ఏడు రోడ్ల కూడలి, వీటిలో మీకు దగ్గరున్నది మీ ప్రాక్టీస్ గ్రౌండ్.

మూడు పనులు సాధన చేయండి. మొదటిది, బస్సు ముందు భాగం, ఒక పక్క రెండూ కనిపించేలా మూలనుంచి తీయడం. బస్సు ఫ్రేములో ఎక్కడికి వచ్చినప్పుడు నొక్కాలో చేతికి అలవాటు కావాలి. రెండోది ప్యానింగ్. షట్టర్ స్పీడ్ సెకనులో 30వ వంతుకు తగ్గించి, వచ్చే పల్లెవెలుగు బస్సుతో పాటు నడుము తిప్పుతూ నొక్కాలి. పాదాలు కదలకూడదు, నడుము పైభాగమే తిరగాలి. నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. బస్సు స్పష్టంగా, వెనక అంగళ్లు గీతల్లా వస్తే సరిగ్గా పడినట్టే. మొదట్లో పదింటికి ఒకటి కూడా బాగా రాదు. అది మామూలే, టెన్షన్ పడొద్దు.

మూడోది, కట్టడం ముందు వాహనం. కర్నూలువాళ్లకు ఇందులో లాభం ఉంది. కొండారెడ్డి బురుజు ఎదురుగా నిలబడి, బురుజు తల తెగకుండా, దాని ముందునుంచి పోయే బస్సు ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా తీసి చూడండి. మెల్‌బోర్న్‌లో ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ గుమ్మటం ముందు ట్రామ్‌ను తీయడానికి కావాల్సిన లెక్క కూడా ఇదే. ఎంత వెనక్కి జరగాలి, లెన్స్ ఎంత వైడ్‌గా ఉండాలి, ఎదురుగా నిలబడ్డ ఆటోను ఎట్లా తప్పించాలి, అన్నీ ఇక్కడే తేలిపోతాయి. (అక్కడ ఆటోలుండవు గానీ, సరుకుల వ్యాన్లు సరిగ్గా అదే టైముకు అడ్డమొస్తాయి.)

సామాను

క్లుప్తంగా చెప్తా. ఫోన్ ఒక్కటే ఉన్నా చాలు. కెమెరా ఉంటే ఒక జూమ్ లెన్స్ తీసుకుపోండి, నాలుగు లెన్సులు మోయొద్దు. మన ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ కావాలి. ఎండ ఘాటుగా ఉంటుంది కాబట్టి సన్‌స్క్రీన్, టోపీ మర్చిపోవద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చలికాలం. మనకు ఎండాకాలం సెలవులు ముగిసే సమయానికి అక్కడ స్వెటర్లు బయటికి తీస్తారు. మే చివర్లో కడప ఎండకు తట్టుకోలేక కాటన్ చొక్కాలతో విమానం ఎక్కినవాళ్లు దిగగానే వణుకుతారు. ఒకే రోజులో ఎండ, వాన, చలిగాలి మూడూ చూపించే ఊరని దానికి పేరు. చిన్న గొడుగు, గాలి తగలని జాకెట్ ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

ఫ్రెండ్‌కు అమ్మ పంపే కారప్పొడి, ఓళిగల సంగతి కూడా చెప్పాలి. తినే వస్తువు ఏదున్నా విమానంలో ఇచ్చే ఫారంలో "ఉంది" అని రాయండి. తీసుకెళ్లొచ్చో లేదో వాళ్లు చూసి చెప్తారు. దాచిపెట్టి దొరికితే జరిమానా గట్టిగా ఉంటుంది.

ఫ్రెండ్ ఇల్లు ఎక్కడో ముందు చూసుకోండి

మనవాళ్లు ఎక్కువగా ఉండేది టార్నెయిట్, పాయింట్ కుక్ లాంటి పడమటి శివార్లలో. అక్కడికి ట్రామ్ రాదు. టార్నెయిట్ నుంచైతే రైలెక్కి సదర్న్ క్రాస్ స్టేషన్‌లో దిగాలి, ట్రామ్ అక్కడ బయటే దొరుకుతుంది. పాయింట్ కుక్ నుంచైతే విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్‌కు చేరి రైలు పట్టుకోవాలి.

విమానాశ్రయానికి కూడా ట్రామ్ లేదు. ఇక్కడో తిరకాసు ఉంది. 59వ నంబరు ట్రామ్ బోర్డు మీద ఎయిర్‌పోర్ట్ వెస్ట్ అని ఉంటుంది. అది విమానాశ్రయం కాదు, దానికి కొంత దూరంలో ఉన్న ఒక పేట పేరు. తిరుగు ప్రయాణం రోజు సూట్‌కేసులతో అది ఎక్కితే విమానం తప్పినట్టే. విమానాశ్రయానికి సదర్న్ క్రాస్ నుంచి స్కైబస్ ఉంది.

ఫ్రెండ్‌తో ఒక మాట ముందే తేల్చుకోండి. మనవాళ్ల మర్యాద ఎట్లాంటిదంటే, "ట్రామెందుకురా, కార్లో తిప్పుతాలే" అంటారు. మీరు రైలెక్కి పోతుంటే వాళ్లకు నామోషీగా ఉంటుంది. "శని, ఆదివారాలు నీవి, మిగతా రోజుల్లో నువ్వు ఆఫీసుకు పో, నేను ట్రామెక్కుతా" అని పంచుకుంటే ఇద్దరికీ హాయి. వాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నా ట్రామ్ గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉంటుందని అనుకోవద్దు. కార్లో తిరిగేవాళ్లకు ట్రామ్ అంటే ముందు అడ్డమొచ్చే బండి, అంతే.

మైకీ కార్డు

కండక్టర్ ఉండడు. ఉన్న కండక్టర్లను 1990లలోనే తీసేశారు. మైకీ అనే కార్డు కొనుక్కోవాలి, స్టేషన్లలో, సెవెన్ ఇలెవెన్ అంగళ్లలో దొరుకుతుంది. డబ్బు కూడా అక్కడే వేయించుకోవాలి, ట్రామ్‌లో వేయడం కుదరదు. ఎక్కగానే కార్డును రీడర్ మీద ఆనించి, బీప్ వచ్చేదాకా ఉంచండి. విసురుగా గీకితే పట్టదు. ట్రామ్ దిగేటప్పుడు మళ్లీ ఆనించక్కర్లేదు. రైల్లో మాత్రం ఎక్కేముందు, దిగాక రెండుసార్లూ ఆనించాలి. రెండు గంటల టికెట్టు అయితే ఆ వ్యవధిలో ఎన్ని ట్రామ్‌లు మారినా అదే ఛార్జీ, రోజుకింత అని గరిష్ఠ పరిమితి కూడా ఉంది. రేట్లు దాదాపు ఏటా మారుతుంటాయి, బయలుదేరే వారంలో ఒకసారి చూసుకోండి.

నడిబొడ్డులో ఫ్రీ ట్రామ్ జోన్ ఉంది. 2015 నుంచి అక్కడ ఏ ట్రామ్ ఎక్కినా పైసా అక్కర్లేదు. స్ప్రింగ్ స్ట్రీట్, ఫ్లిండర్స్ స్ట్రీట్, లా ట్రోబ్ స్ట్రీట్ మధ్యనున్న వీధులు, డాక్‌ల్యాండ్స్, క్వీన్ విక్టోరియా మార్కెట్ దాకా ఇది వర్తిస్తుంది. ఆ జోన్ లోపలే ఎక్కి లోపలే దిగితే కార్డు ఆనించకండి, ఆనిస్తే డబ్బు పోతుంది. జోన్ దాటి వెళ్లేటట్టయితే మాత్రం ఆనించాలి. జోన్ అంచు రాగానే ట్రామ్‌లో అనౌన్స్‌మెంట్ వస్తుంది. అప్పుడు కిటికీలోంచి ఫొటో తీస్తూ మైమరచి కూర్చోవద్దు. టికెట్ చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లో కూడా ఉంటారు, టూరిస్టునంటే వదిలేయరు.

ఎక్కడం, దిగడం

ట్రామ్‌ట్రాకర్ అనే యాప్ పెట్టుకోండి. ప్రతి స్టాపుకూ ఒక నంబరు ఉంటుంది. అది కొడితే తర్వాతి ట్రామ్ ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెబుతుంది. అమ్మానాన్నలతో వెళ్లినవాళ్లు ఇందులో ఇంకొకటి చూడాలి. పాత మోడళ్లైన జెడ్, ఏ, బీ క్లాస్ ట్రామ్‌లకు మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లకు కష్టం. సీ, డీ, ఈ (E) క్లాసులు తక్కువ ఎత్తు నేలవి. ప్లాట్‌ఫాం ఉన్న స్టాపులో అయితే నడిచి లోపలికి వెళ్లిపోవచ్చు. వచ్చేది తక్కువ ఎత్తుదో కాదో యాప్ చూపిస్తుంది.

అన్ని స్టాపులకూ ప్లాట్‌ఫాం ఉండదు. శివార్లలో చాలాచోట్ల ఒక స్తంభం, దానిమీద నంబరు, అంతే. మీరు పేవ్‌మెంట్ మీద నిలబడతారు, ట్రామ్ నడిరోడ్డు మీద ఆగుతుంది, మధ్యలో కార్లు పోయే లేను ఉంటుంది. ట్రామ్ కనిపించగానే, మనం రోడ్డు పక్కన బస్సును ఆపినట్టే చెయ్యి చాపాలి. ట్రామ్ ఆగి తలుపులు తెరుచుకుంటే కార్లు వెనకే ఆగాలన్నది అక్కడి చట్టం. మన డ్రైవర్లను చూసిన కళ్లతో ఆ లేను దాటడానికి మొదట ధైర్యం చాలదు. ధైర్యం చాలకపోవడమే మంచిది. చట్టం ఉన్నా చూసుకునే అడుగెయ్యండి. మనలాగే అక్కడా ఎడమవైపు ప్రయాణమే కాబట్టి లెక్క సులువు. ఎక్కేటప్పుడు కార్లు మీ కుడినుంచి వస్తాయి, దిగేటప్పుడు ఎడమనుంచి. దిగే ముందు ఎడమకు చూసి అప్పుడు కాలు కింద పెట్టండి.

దిగాల్సిన స్టాపుకు ముందు బటన్ నొక్కాలి. ఎవరూ నొక్కక, స్టాపులో కూడా ఎవరూ లేకపోతే ట్రామ్ ఆగకుండా పోతుంది.

నడిబొడ్డులో రోడ్డు దాటేవాళ్లకు ఒక వింత కనిపిస్తుంది. కుడికి తిరగాల్సిన కారు ఎడమ లేనులోకి వచ్చి నిలబడి, సిగ్నల్ మారేటప్పుడు అన్ని లేన్లకూ అడ్డంగా కుడికి తిరుగుతుంది. హుక్ టర్న్ అంటారు. పట్టాల మీద కారు నిలబడి ట్రామ్‌కు అడ్డం రాకూడదని పెట్టిన పద్ధతి. ఫొటో కోసం కూడలి అంచున నిలబడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, కారు అనుకోని దిక్కునుంచి వస్తుంది. ట్రామ్‌తో కూడా జాగ్రత్త. పెద్దగా చప్పుడు చేయకుండా వస్తుంది, ఠక్కున ఆగలేదు. ఒక్కో ట్రామ్ బరువు 30 ఖడ్గమృగాలతో సమానమని అక్కడి ట్రామ్ కంపెనీయే బొమ్మలు వేసి ప్రచారం చేసింది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, కన్ను కెమెరాలో పెట్టి పట్టాల మీద నిలబడేవాళ్లను చూసే ఆ ప్రచారం పుట్టి ఉంటుంది.

మొదటి రోజు కెమెరా బ్యాగులోనే

ఒక రూటు ఎంచుకుని ఈ చివరనుంచి ఆ చివరదాకా వెళ్లి రండి. కిటికీ పక్క సీటు, చేతిలో చిన్న నోటుబుక్కు. ఎక్కడ వెలుతురు బాగుంది, ఎక్కడ వంపు ఉంది, ఎక్కడ చెట్లు కమ్ముకున్నాయి, రాసుకోండి. ఎండ ఏ వైపునుంచి పడుతోందో, టైము ఎంతో కూడా. మరుసటి రోజు దిగి నిలబడాల్సిన చోట్లు ఈ కాగితం మీదే ఉంటాయి.

ఒక్క రూటే చూసే టైముంటే 96. ఈస్ట్ బ్రన్స్‌విక్ నుంచి సెయింట్ కిల్డా బీచ్ దాకా వెళ్తుంది. ఊరి మధ్య బర్క్ స్ట్రీట్ గుండా మనుషుల నడుమ మెల్లగా పాకుతుంది. ఆ తర్వాత పాత రైలు మార్గం ఎక్కుతుంది. సెయింట్ కిల్డాకు పోయే రైలు లైనును 1987లో ట్రామ్ లైనుగా మార్చారు. అక్కడ కార్లు లేవు, సిగ్నళ్ల బెడద తక్కువ, ట్రామ్ కాళ్లు బారచాపి పరుగెడుతుంది. పాత రైల్వే స్టేషన్ల పక్కనే ఆగుతుంది. గుంతకల్లు జంక్షన్ చూస్తూ పెరిగినవాళ్లు లైను కోసం నేల తవ్విన ఆ కటింగులు, ఓవర్ బ్రిడ్జీలు చూస్తే రైలు లైనని వెంటనే పట్టేస్తారు. చివరికి సముద్రం. ఈ రూటులో ఎక్కువగా నడిచేది ఈ (E) క్లాస్ ట్రామ్, 33 మీటర్ల పొడవు, మెల్‌బోర్న్ శివారు డాండినాంగ్‌లోనే తయారైంది.

పాత ట్రామ్ కావాలంటే 35, సిటీ సర్కిల్. ఛార్జీ లేదు. నడిచేవి డబ్ల్యూ క్లాస్ ట్రామ్‌లు. ఈ రకం 1923లో మొదలైంది, మొత్తం 750కి పైగా తయారు చేశారు. ఆకుపచ్చ, మీగడ రంగు ఒళ్లు, లోపల చెక్క, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే పట్టీలు. ఆగినప్పుడు అడుగునుంచి కంప్రెసర్ దడదడమంటుంది, కదిలేటప్పుడు మోటారు మూలుగు సన్నగా మొదలై పైకి లేస్తుంది. వీడియో తీయాలంటే ఇందులోనే తీయండి, ఆ చప్పుడు కొత్త ట్రామ్‌లలో ఉండదు. ఎంత పేరున్నా ఇందులో జనం ఎక్కువ, తీరిగ్గా కూర్చోవడం కష్టం. రోజులో మొదటి ట్రిప్పులు పట్టుకోండి.

దూరం పోవాలనిపిస్తే 75. వర్మాంట్ సౌత్ దాకా 20 కిలోమీటర్లు దాటుతుంది. గంటకు పైగా పడుతుంది. ఫొటోలకు ఏమంత ఉండదు గానీ ఊరు ఎట్లా బతుకుతోందో కనిపిస్తుంది.

సూర్యుడు ఉత్తరాన ఉంటాడు

మన దగ్గర ఫొటోలు తీసే అలవాటు అక్కడ బోల్తా కొట్టించేది ఇక్కడే. మనకు ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. అందుకే దక్షిణాన నిలబడి ఉత్తరం వైపు తీస్తే వెలుతురు బాగా పడుతుందని చేతికి అలవాటైపోయి ఉంటుంది. మెల్‌బోర్న్ భూమధ్యరేఖకు దాదాపు 38 డిగ్రీలు దక్షిణాన ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏ కాలంలోనైనా ఉత్తరానే. తూర్పు పడమరలుగా పోయే వీధిలో ట్రామ్ తీయాలంటే ఉత్తరపు పేవ్‌మెంట్ మీద నిలబడి దక్షిణం వైపు చూడాలి. ఎత్తు భవనాల మధ్య చలికాలంలో ఆ వెలుతురు కూడా రోడ్డు దాకా దిగదు, అప్పుడు కూడళ్లే దిక్కు. అడ్డవీధిలోంచి ఎండ చారలా పడే చోట నిలబడి, ట్రామ్ ముఖం ఆ చారలోకి రాగానే నొక్కండి.

టైము లెక్క కూడా వేరు. జూన్‌లో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. డిసెంబరులో ఎనిమిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. చలికాలం వెళ్లినవాళ్లు మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే రోజు అయిపోయినట్టే. అయితే చలికాలానికి ఒక మేలుంది. సూర్యుడు రోజంతా కిందుగానే ఉంటాడు, నడి మధ్యాహ్నం కూడా మన దగ్గర సాయంత్రం నాలుగింటి లాంటి ఏటవాలు ఎండ దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సెయింట్ కిల్డా రోడ్డు చెట్లు పసుపెక్కుతాయి. నన్నడిగితే ట్రామ్ ఫొటోలకు ఆ రెండు నెలలే మేలు.

నిలబడాల్సిన చోట్లు

ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ కూడలి: అందరూ ఇక్కడే తీస్తారు, తీయాల్సిందే. పసుపు రంగు స్టేషన్, ఆకుపచ్చ గుమ్మటం, దాని ముందు ట్రామ్. గుమ్మటం ముఖం ఈశాన్యం వైపు ఉంది కాబట్టి ఉదయపు ఎండ నేరుగా దానిమీద పడుతుంది. సెయింట్ పాల్స్ చర్చి మూలన నిలబడితే సరిగ్గా ఎదురుగా వస్తుంది. సాయంత్రం వెలుతురు స్టేషన్ వెనకనుంచి వస్తుంది, అప్పుడు నీడ బొమ్మలా తీయాలి, లేదా లైట్లు వెలిగేదాకా ఆగాలి. ఇక్కడ స్వాన్‌స్టన్ స్ట్రీట్ మీదుగా ఎన్నో రూట్ల ట్రామ్‌లు పోతాయి, ఒకటి పోతే ఇంకొకటి వెనకే ఉంటుంది. రెండు ట్రామ్‌లు ఒకదాన్నొకటి దాటే క్షణం కోసం చూడండి. అరగంట నిలబడితే తప్పకుండా దొరుకుతుంది.

ప్రిన్సెస్ బ్రిడ్జి: స్టేషన్ పక్కనే యారా నది మీద. దక్షిణపు ఒడ్డునుంచి చూస్తే బ్రిడ్జి మీద ట్రామ్, వెనక ఎత్తు భవనాలు. కానీ మీరు చూసేది ఉత్తరం వైపు, మధ్యాహ్నం సూర్యుడు కూడా అటే. అందుకే భవనాలు నల్లగా కనిపిస్తాయి. ఎండాకాలంలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి నైరుతిలో గూకుతాడు కాబట్టి పొద్దున్నే, బాగా సాయంత్రం ఈ వైపు కూడా వెలుగుతుంది. లేదంటే పొద్దు గూకిన తర్వాతి అరగంట, ఆకాశం నీలంగా ఉండి లైట్లు వెలిగే సమయం.

పార్లమెంటు మెట్లు: స్ప్రింగ్ స్ట్రీట్‌లో పార్లమెంటు భవనం మెట్లెక్కి పడమటి వైపు చూస్తే బర్క్ స్ట్రీట్ కిందికి దిగుతూ పోతుంది. 86, 96 ట్రామ్‌లు ఆ పల్లం నుంచి ఎక్కి వస్తాయి. జూమ్ లెన్స్ ఉంటే దాన్ని పూర్తిగా లాగి తీయండి. ట్రామ్‌లు, తీగలు, మనుషులు, సిగ్నళ్లు అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరగా వస్తాయి. ఉదయం వెళ్లాలి, సాయంత్రం ఎండ మొహాన కొడుతుంది.

బర్క్ స్ట్రీట్ మాల్: కార్లు రావు, ట్రామ్‌లు, నడిచే మనుషులే. గంట కొట్టుకుంటూ మెల్లగా వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు సులువు. కాలిన్స్ స్ట్రీట్ తూర్పు కొస కూడా బాగుంటుంది, చెట్ల కింద పాత రాతి భవనాల మధ్య 109 లాంటివి దిగుతుంటాయి.

సెయింట్ కిల్డాలో లూనా పార్క్ 1912 నాటిది. పెద్ద నోరు తెరిచిన మొహమే దాని గుమ్మం. దాని పక్కగా, తాటిచెట్ల లాంటి పామ్ చెట్ల వరుస ముందునుంచి ట్రామ్‌లు పోతాయి. సముద్రం పడమటి వైపు కాబట్టి ఇది సాయంత్రం పని.

వాన పడితే ఇంట్లో కూర్చోవద్దు. తడిసిన రోడ్డు మీద ట్రామ్ హెడ్‌లైట్లు, పట్టాల మెరుపు పొడి రోజున రావు. గొడుగు ఒక చేత, ఫోన్ ఒక చేత, కెమెరాను నేలకు దగ్గరగా దించండి. తడి పట్టాల మీద కాలు మాత్రం పెట్టొద్దు, సర్రున జారుతుంది.

కెమెరా లెక్కలు

ఎదురుగా వచ్చే ట్రామ్ కదలకుండా రావాలంటే సెకనులో 500వ వంతు. కానీ ఒక చిక్కు ఉంది. కొత్త ట్రామ్‌ల నుదుటి మీద రూటు నంబరు ఎల్ఈడీ బోర్డులో వెలుగుతుంది. అది కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి షట్టర్ వేగం ఎక్కువైతే అంకెల్లో సగం మాయమవుతాయి. 96 కాస్తా అర్థం కాని చుక్కలవుతుంది. వేగాన్ని 125వ వంతుకో ఇంకా కిందికో దించి తీయండి. అంత తక్కువలో కదలిక మసకబారకుండా ఉండాలంటే ట్రామ్ స్టాపులో ఆగుతున్నప్పుడో, బయలుదేరుతున్నప్పుడో పట్టాలి. బట్ట మీద పేరు రాసిన పాత రోలర్ బోర్డులుంటే ఈ బాధ లేదు.

ప్యానింగ్‌కు 30వ వంతు, ఇక్కడ చేసిన సాధనే. వెనక రద్దీ అంగళ్లున్న వీధి అయితే గీతలు రంగురంగులుగా వస్తాయి.

రాత్రిపూట లైట్ల చారలు కావాలంటే కెమెరాను స్టాండు మీద పెట్టి 2 నుంచి 4 సెకన్లు తెరిచి ఉంచండి. స్టాండును స్టాపు ప్లాట్‌ఫాం మీద వేయొద్దు, దిగేవాళ్ల కాళ్లకు తగులుతుంది. బ్రిడ్జి గోడమీద ఆనించినా ట్రామ్ పోయేటప్పుడు అదురుతుంది, గట్టి నేలమీద పెట్టండి. ఐఫోన్ ఉన్నవాళ్లు లైవ్ ఫొటో ఆన్ చేసి తీసి, తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్లకు ప్రో మోడ్ ఉంటుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు వైడ్ కెమెరాతో దగ్గరికి పోకండి. ట్రామ్ ముక్కు ఉబ్బి, వెనక భాగం సన్నబడి కార్టూన్‌లా వస్తుంది. రెండింతల జూమ్ పెట్టి పది అడుగులు వెనక్కి జరగండి. ట్రామ్ రాబోయే చోట పట్టాల మీద వేలితో నొక్కి ఫోకస్ లాక్ చేసి ఉంచితే, చివరి క్షణంలో ఫోన్ తడబడదు. పైన తీగలు ఎట్లాగూ వస్తాయి, వాటిని తప్పించాలని చూడొద్దు. ట్రామ్ నెత్తిన స్తంభం మొలిచినట్టు రాకుండా ఒక అడుగు పక్కకు జరిగితే చాలు.

లోపల తీసేటప్పుడు

అద్దం మెరుపు పోవాలంటే లెన్స్‌ను అద్దానికి ఆనించండి. ముదురు రంగు చొక్కా వేసుకుంటే ప్రతిబింబం తగ్గుతుంది. డ్రైవర్ వైపు ఫ్లాష్ వేయడం ఎప్పుడూ తగదు, బయట నిలబడినా సరే. కిటికీలోంచి చెయ్యి, కెమెరా బయటికి చాపొద్దు, ఎదురు ట్రామ్ చాలా దగ్గరగా పోతుంది.

పబ్లిక్ రోడ్డు మీద ఫొటో తీస్తే అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. సొంతానికి తీసుకునే ఫొటోకు అనుమతి అక్కర్లేదు. అయినా ఎదురు సీటులో కూర్చున్న మనిషి మొహం దగ్గరగా తీయాలంటే అడగండి, పిల్లలను అడక్కుండా తీయకపోవడమే మేలు. చెయ్యి, సంచి, కిటికీలో నీడ లాంటివి తీస్తే మొహం లేకుండానే ప్రయాణం కనిపిస్తుంది. సాయంత్రం ఐదింటికి ఆఫీసులు వదిలే వేళ ట్రామ్‌లో కాలు పెట్టే చోటుండదు. అప్పుడు కెమెరా తీస్తే పక్కవాళ్లకు విసుగు. ఆ గంట స్టాపులో నిలబడి, దిగే జనాన్ని తీయండి.

ట్రామ్‌ల చరిత్ర మీద ఆసక్తి ఉంటే హాథార్న్‌లో పాత డిపోను మ్యూజియంగా ఉంచారు. నెలలో కొన్ని శనివారాలే తెరుస్తారు, తేదీలు చూసుకుని వెళ్లండి. 1885 నుంచి 1940 దాకా మెల్‌బోర్న్‌లో కొన్ని ట్రామ్‌లను నేల కింద నడిచే ఉక్కు తాడు లాగేదన్న సంగతి అక్కడ బాగా అర్థమవుతుంది. ఫ్రెండ్ వాళ్ల పిల్లలను కూడా తీసుకెళ్లండి. ఊరు వాళ్లదే అయినా వాళ్లు చూసి ఉండరు.

రాత్రి ఇంటికి వచ్చాక

ఆ రోజు ఫొటోలు ఆ రోజే కాపీ చేయండి, ఫోన్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి. నాలుగు రోజులు ఆగితే ఏ వీధో గుర్తుండదు. ఫైలు పేరులో తేదీ, రూటు నంబరు, స్టాపు పేరు రాయండి. ట్రామ్ ఒంటిమీద దాని సొంత నంబరు కూడా ఉంటుంది. దాన్ని చేరిస్తే అదే ట్రామ్ మళ్లీ ఎదురైనప్పుడు తెలుస్తుంది, అదొక సరదా. నోటుబుక్కులో ఉన్న టైము, వెలుతురు సంగతులు ఇక్కడ కలపండి.

ఊర్లో గ్రూపులో పెట్టేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పోతుంది. హెచ్‌డీగానో డాక్యుమెంట్‌గానో పంపండి. అన్నీ పంపొద్దు, ఆరో ఏడో చాలు. ట్రామ్‌ను చూడనివాళ్లకు ఫొటో కింద ఒక్క ముక్క రాయండి: ఏ రూటు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఛార్జీ ఎంత. మనవాళ్లు మొదట అడిగేది ఛార్జీయే.